రెప్ప ఎప్పటి నుంచి వాలింది?

(ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థులు, పట్టణ ప్రజల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. వెనక నర్సింగ్ కాలేజీ పిల్లలు ఉన్నారు. పెద్దవాళ్లు కూడా చాలామంది వచ్చారు. అందరికీ పనికొచ్చే విషయం ఒకటి ఎంచుకున్నాను. ఒంట్లో ఏదైనా వాలిపోతే, జారిపోతే, వేలాడిపోతే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

కనురెప్ప వాలుతుంది. మూతి ఒక పక్కకి జారుతుంది. పాదం వేలాడుతుంది. గర్భసంచి కిందికి దిగుతుంది. ఏది జారినా మన ఇళ్లలో వినపడే మాటలు రెండే: "వయసు మీద పడింది", లేదా "నీరసం". ఒక టానిక్ సీసా కొనుక్కుని ఊరుకుంటారు. కొన్నిసార్లు అది నిజంగా వయసే. కొన్నిసార్లు ఆ మనిషి చేతిలో మిగిలిన టైము గంటల్లోనే ఉంటుంది. ఈ తేడా పట్టుకోవడానికి మొదటి అడుగులోనే స్కానింగ్ అక్కర్లేదు. ఎంత జారింది అని చూసే ముందు, ఎప్పటి నుంచి జారింది, పొద్దున్నా సాయంత్రం ఒకేలా ఉందా, ఒక పక్కేనా రెండు పక్కలా, దాంతో పాటు ఇంకేం మారింది అని అడగండి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

రెప్పతో మొదలుపెడతాను. పక్కనున్నవాళ్ల కన్ను ఒక్కసారి చూడండి. పై రెప్ప నల్లగుడ్డు పై అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంటుంది. అంతకన్నా కిందికి దిగితే వాలినట్టు. రెప్పను ఎత్తి పట్టుకునే కండరాలు రెండు. పెద్దది కంటి గుంత లోపలి చివర పుట్టి, కంటిగుడ్డు మీదుగా ముందుకు వచ్చి, పల్చని పొరగా మారి రెప్పలోని గట్టి పలకకు అతుక్కుంటుంది. మెదడు నుంచి వచ్చే మూడో నరం దీన్ని నడిపిస్తుంది. రెండోది ముల్లర్ కండరం, చాలా చిన్నది. దాని నరం తిరిగే దారి మాత్రం చాలా పొడవు. మెదడులో మొదలై, వెన్నుపాము వెంట ఛాతీ దాకా దిగి, ఊపిరితిత్తి పై కొన మీదుగా మెడలోకి ఎక్కి, మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనిని పట్టుకుని కంటికి చేరుతుంది. అందుకే ఛాతీలోనో మెడలోనో జబ్బుంటే అది రెప్ప మీద కనపడవచ్చు.

వయసు వల్ల వాలే రెప్పలో కండరం బాగానే ఉంటుంది. అది అతుక్కున్న పల్చని పొర సాగిపోతుంది, లేదా పట్టు వదులుతుంది. ఏళ్ల తరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు వాడినవాళ్లలోనూ, కంటి ఆపరేషన్ అయిన కొందరిలోనూ ఇదే జరుగుతుంది. నెమ్మదిగా, ఏళ్ల మీద వస్తుంది. కనుపాప రెండు కళ్లలో సమానంగా ఉంటుంది, కన్ను అన్ని వైపులా తిరుగుతుంది. ఇది తొందరపడాల్సిన విషయం కాదు.

తొందరపడాల్సినవి వేరే ఉన్నాయి. నిన్నటి దాకా బాగున్న మనిషికి ఇవాళ ఒక రెప్ప పూర్తిగా మూసుకుపోయింది. వేలితో రెప్ప ఎత్తి చూస్తే గుడ్డు బయటి వైపుకి, కిందికి తిరిగి ఉంది. కనుపాప రెండో కంటికన్నా పెద్దదిగా ఉంది, టార్చి వేసినా చిన్నదవడం లేదు. తలనొప్పి కూడా ఉందంటే ఇక ఆలోచించకండి. మెదడు అడుగున రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బి మూడో నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. అది పగిలితే మెదడు చుట్టూ రక్తం చేరుతుంది. ఆ మనిషిని కళ్లద్దాల షాపుకి పంపకూడదు. అదే రోజు న్యూరాలజీ ఉన్న ఆసుపత్రికి పంపాలి. షుగరు వల్ల కూడా మూడో నరం దెబ్బతింటుంది. అప్పుడు కనుపాప సాధారణంగా మామూలుగానే ఉంటుంది, సుమారు మూడు నెలల్లో చాలామందికి తగ్గిపోతుంది. అయినా "మాకు షుగర్ ఉంది కదా, అదే అయ్యుంటుంది" అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. అది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట.

ఇంకొకటి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రెప్ప కొంచెమే వాలుతుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు. కనుపాప పెద్దదవడానికి బదులు చిన్నదవుతుంది. ముఖంలో ఆ పక్క చెమట తగ్గవచ్చు. స్విట్జర్లాండ్ కంటి డాక్టరు యోహాన్ ఫ్రీడ్రిక్ హార్నర్ 1869లో దీన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఏళ్లుగా బీడీలు, సిగరెట్లు కాల్చిన మనిషి "భుజం నొప్పి, చెయ్యి లోపలి వైపు లాగుతోంది" అంటూ వస్తే, ఆ పక్క రెప్ప కాస్త వాలి కనుపాప చిన్నదైతే, భుజానికి ఆయింట్‌మెంట్ రాయడం ఆపి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఊపిరితిత్తి పై కొనలో కాన్సర్ ఉండొచ్చు. అదే మార్పు మెడ నొప్పితో ఉన్నట్టుండి వస్తే, మెడ ధమని లోపలి పొర చీలి ఉండొచ్చు. దాని వెనకే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఒక మిల్లీమీటరు తేడాని పట్టించుకున్నందుకు మనిషి బతికిన సందర్భాలు వైద్యంలో చాలా ఉన్నాయి. అందుకే నర్సింగ్ పిల్లలకి మరీ మరీ చెబుతున్నాను: రెప్ప చూస్తే కనుపాప చూడకుండా వదలొద్దు.

ఇప్పుడు సాయంత్రానికి వాలే రెప్ప గురించి చెబుతాను. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. పొద్దున్న మిషన్ ముందు కూర్చున్నప్పుడు అంతా బాగానే ఉంటుందట. మధ్యాహ్నం దాటాక సూది రెండుగా కనపడుతోందట, దారం ఎక్కడం లేదట. సాయంత్రానికి ఎడమ రెప్ప సగానికి దిగుతోంది. రాత్రి అన్నం నమలడానికి దవడ అలిసిపోతోంది. పడుకుని లేస్తే మళ్లీ మామూలే. ఇంట్లో వాళ్లు టెన్షన్ అన్నారు, నిద్ర సరిపోవడం లేదన్నారు. కళ్లద్దాలు రెండుసార్లు మార్చారు. నేను నా వేలు ఆమె నుదుటికి పైగా పట్టుకుని, తల కదపకుండా దానివైపే చూడమ్మా అన్నాను. ఒక నిమిషం గడిచేసరికి ఎడమ రెప్ప తెర దించినట్టు దిగడం మొదలైంది. చేతిరుమాల్లో ఐస్ గడ్డ చుట్టి మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టించాను. తీసి కన్ను తెరవమంటే రెప్ప రెండు మిల్లీమీటర్లకు పైగా లేచింది. ఆమె భర్త పక్కనే నిలబడి చూస్తున్నాడు. భార్య మాట నిజమని అతను నమ్మింది అప్పుడే.

ఈ జబ్బు పేరు మస్తీనియా గ్రేవిస్. నరం చివరి నుంచి కండరానికి సందేశం ఒక రసాయనం రూపంలో వెళుతుంది. కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే ఆ గ్రాహకాల మీద దాడి చేస్తుంది. మొదటి సందేశాలు అందుతాయి, పని చేసేకొద్దీ అందడం తగ్గుతుంది. కండరం అలిసిపోతుంది. కళ్లతో మొదలైనా, మింగే కండరాలకి, ఊపిరి కండరాలకి పాకితే ప్రాణాపాయం. ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో వీళ్లలో నూటికి 10 నుంచి 15 మందికి కణితి ఉంటుంది, కాబట్టి ఛాతీ సీటీ స్కాన్ తప్పనిసరి.

దీనికి మందు దొరికిన తీరు తెలుసుకోదగ్గది. 1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అనే చిన్న హోదాలోని డాక్టరు పనిచేసేది. ఈ రోగుల్ని చూస్తుంటే దక్షిణ అమెరికాలో బాణాల మొనలకు పూసే క్యురారే విషం గుర్తొస్తోందని ఆమెకు తట్టింది. ఆ విషం కూడా కండరాల్ని ఇలాగే కదలనివ్వదు. క్యురారేకి విరుగుడుగా పనిచేసే ఫైసోస్టిగ్మైన్ ఉంది కదా, ఇక్కడా పనిచేస్తుందేమో చూద్దామని ఒక రోగికి సూది వేసింది. వాలిన రెప్ప లేచింది. కొన్ని గంటలే నిలిచింది, కానీ లేచింది. ఈనాడు మనం ఇచ్చే పిరిడోస్టిగ్మైన్ మాత్ర ఆ కుటుంబంలోదే. పెద్ద ప్రయోగశాల లేదు, పరికరం లేదు. రోగిని పక్కన నిలబడి చూడటం, రెండు విషయాల్ని కలిపి ఆలోచించడం, అంతే. నర్సింగ్ విద్యార్థులు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఒక జాగ్రత్త. మస్తీనియా ఉన్నవాళ్లు జ్వరమొచ్చిందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్స్ వేసుకోకూడదు. వాటిలో కొన్ని ఈ జబ్బును ఒక్కసారిగా పెంచి ఊపిరి ఆగేదాకా తీసుకెళతాయి. బీపీకి ఇచ్చే కొన్ని మందులు కూడా అంతే.

బాణం విషం నుంచి పాము విషానికి వస్తాను. ఆశా అక్కలందరూ ఇది శ్రద్ధగా వినాలి. కట్లపాము, నాగుపాము విషాలు దెబ్బకొట్టేది కూడా నరం, కండరం కలిసే ఆ చోటనే. మొట్టమొదట బయటపడేది రెప్పల్లోనే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్లని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి తెలియదు, వాపు రాదు, గాటు కూడా వెతికితే గాని కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటూ లేస్తారు. ఇంట్లో గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. కాసేపటికి రెప్పలు బరువెక్కుతాయి, అన్నీ రెండుగా కనపడతాయి, మింగడం కష్టమవుతుంది, మాట ముద్దగా వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి పొద్దున్నే కడుపునొప్పి అని, రెండు రెప్పలూ వాలిపోయి కనిపిస్తే, పాము కనపడకపోయినా పాముకాటు అనే అనుకోండి. కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం వేయించడానికి తీసుకెళ్లొద్దు. నడిపించకుండా, విషం విరుగుడు ఇంజెక్షనూ వెంటిలేటరూ ఉన్న చోటికి చేర్చండి. ఆ ఇంజెక్షన్ మోతాదు చిన్నపిల్లలకైనా పెద్దలకైనా ఒకటే. విషం అదే కదా. పిల్లలైతే తగ్గించాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నాగుపాము కాటులో నియోస్టిగ్మైన్ సూది రెప్పల్ని లేపుతుంది, మేరీ వాకర్ వాడిన మందుకు దగ్గరి చుట్టం. కట్లపాము విషం నరం చివరినే పాడు చేస్తుంది కాబట్టి అక్కడ అది అంతగా పనిచేయదు. నరం మళ్లీ కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాలి. అప్పుడు ఆ మనిషి రెప్ప కదపడు, వేలు కదపడు, కనుపాప కూడా వెలుతురుకి కదలకపోవచ్చు. చూసేవాళ్లకి ప్రాణం పోయినట్టే ఉంటుంది. కానీ లోపల స్పృహ ఉండొచ్చు. పక్కన ఏడుస్తున్నవాళ్ల మాటలు వినపడుతూ ఉండొచ్చు. "ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపోతాం" అని గొట్టం తీయించుకుని వెళ్లిపోతే, నాలుగు రోజుల్లో లేచి కూర్చోవాల్సిన మనిషిని మనమే పోగొట్టుకుంటాం. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మందని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే కట్లపాము కాటు చాలావరకు తప్పుతుంది.

పుట్టుకతో వాలే రెప్ప సంగతి వేరు. కొందరు పిల్లల్లో రెప్పను ఎత్తే కండరమే సరిగ్గా తయారవ్వదు. "వాళ్ల తాతకి కూడా అలాగే ఉండేది, పెద్దయితే సర్దుకుంటుంది" అంటారు. రెప్ప కనుపాపను కప్పేస్తే ఆ కంటికి బొమ్మ అందదు, అందకపోతే మెదడు ఆ కంటిని వాడటం మానేస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటాక రెప్ప ఎత్తినా చూపు పూర్తిగా రావడం కష్టం. బిడ్డ గడ్డం పైకెత్తి చూస్తోందా, కనుబొమలు ఎగరేసి చూస్తోందా గమనించండి. కనుపాప మూసుకుపోతుంటే ఆపరేషన్ తొందరగా చేయాలి. లేకపోతే సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ల మధ్య చేస్తారు. కండరంలో బొత్తిగా బలం లేకపోతే రెప్పను నుదుటి కండరానికి ఒక సన్నని పట్టీతో కలుపుతారు. తొడ నుంచి తీసిన పొర గాని, సిలికాన్ గాని వాడతారు. అప్పుడు బిడ్డ నుదురు ఎగరేస్తే రెప్ప లేస్తుంది. ఇంకో వింత కూడా ఉంది. కొందరు పసివాళ్లు పాలు తాగుతుంటే, దవడ కదిలినప్పుడల్లా వాలిన రెప్ప టకటకా పైకి లేస్తుంది. 1883లో మార్కస్ గన్ అనే కంటి డాక్టరు దీన్ని వర్ణించాడు. దవడ కండరాల నరం పుట్టుకతోనే రెప్ప కండరంతో ముడిపడటం వల్ల ఇలా జరుగుతుంది. దీన్ని ముందు కనిపెట్టేది దాదాపుగా తల్లే. దిష్టి తగిలిందని భయపడకుండా కంటి డాక్టరుకి చూపిస్తే చాలు.

మూతి జారడం, పాదం వేలాడటం గురించి క్లుప్తంగా చెబుతాను. ముఖం ఒక పక్క జారినప్పుడు నుదురు ముడవమనండి. నుదురు ముడత కూడా పడకపోతే, కన్ను కూడా మూసుకోకపోతే, చాలావరకు అది ముఖ నరం వాపు. నుదురు బాగానే ముడుస్తూ మూతి మాత్రమే జారితే, చెయ్యో మాటో పడిపోతే, పక్షవాతం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. అనుమానం ఉంటే పక్షవాతం అనుకునే పరిగెత్తండి. పాదం వేలాడి నడిచేటప్పుడు వేళ్లు నేలకి తగులుతుంటే మోకాలి పక్కన నరం నలిగి ఉండొచ్చు. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్లలో, కోతలు కోసేవాళ్లలో వస్తుంది. కానీ కాలి మీద స్పర్శ తెలియని మచ్చ ఉందేమో కూడా చూడండి. కుష్టు ఇంకా పోలేదు.

ఇక ఆడవాళ్లు నోరు విప్పి చెప్పని సంగతి. గర్భసంచి జారడం. "కూర్చుంటే కింద ఏదో అడ్డు తగులుతోంది", "నీళ్ల బిందె ఎత్తితే ఏదో బయటికి వస్తోంది" అని గుసగుసగా చెబుతారు, అదీ ఏళ్ల తర్వాత. గర్భసంచిని, మూత్రాశయాన్ని, పెద్దపేగు చివరిని కింద నుంచి మోసేది కటి కండరాల అల్లిక. నులక మంచంలో నులకలాంటిది. కాన్పుల్లో అది సాగుతుంది, కొన్నిచోట్ల తెగుతుంది. బాలింతగా ఉండగానే బరువులెత్తడం, తగ్గని దగ్గు, ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం, ముట్లు ఆగాక హార్మోన్ తగ్గడం, అన్నీ కలిసి దాన్ని ఇంకా వదులు చేస్తాయి. ఇందులో ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు. సిగ్గుపడాల్సింది అంతకన్నా లేదు.

మన దగ్గర దీనికి చటుక్కున వినపడే సలహా "సంచి తీయించేసుకో". 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. నాకు ఈ అంకెలు చూస్తే బాధేస్తుంది. ఇవన్నీ జారినందుకు చేసినవి కావు, తెల్లబట్టకి, నడుంనొప్పికి, కాన్సర్ వస్తుందన్న భయానికి చేసినవీ వీటిలో ఉన్నాయి. జారినప్పుడు కూడా, సంచి తీసేసినంత మాత్రాన తెగిన ఆధారం అతుక్కోదు. ఆధారాన్ని బిగించకుండా సంచి మాత్రం తీస్తే కొన్నేళ్లకు యోని పై భాగమే కిందికి జారుతుంది. కొద్దిగా జారితే కటి కండరాల వ్యాయామం ముందు. 1948లో అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ చెప్పిన పద్ధతి. మూత్రం మధ్యలో ఆపేటప్పుడు ఏ కండరం బిగిస్తారో దాన్ని బిగించి, ఐదారు సెకన్లు పట్టుకుని వదలాలి. ఒకసారికి పది, రోజుకి మూడుసార్లు, కనీసం మూడు నెలలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకి సిలికాన్ రింగు పెడతారు. ఓపీలోనే, మత్తు లేకుండా. తీసి కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. చిన్నవయసు వాళ్లకి సంచి ఉంచి, పట్టీతో పైకి కట్టే ఆపరేషన్లు ఉన్నాయి. అలాంటి ఒకదాన్ని రూపొందించింది బొంబాయి డాక్టరు విఠల్ నగేశ్ శిరోద్కర్. మన దేశపు డాక్టరు మన ఆడవాళ్ల కోసం కనిపెట్టిన దారి ఇది. మీ డాక్టర్ని దాని గురించి అడగండి. ముట్లు ఆగాక రక్తం కనపడినా, మూత్రం బిగుసుకుపోయినా మాత్రం ఆలస్యం చేయొద్దు.

జారినదాన్నల్లా కట్టేయాలన్న ఉబలాటం ఎక్కడికి తీసుకెళుతుందో చరిత్రలో ఉంది. 1881లో బెర్లిన్‌లో ఓయ్‌గెన్ హాన్ అనే సర్జన్, కిందికి కదులుతున్న మూత్రపిండాన్ని కుట్టి నిలబెట్టే ఆపరేషన్ చేశాడు. 1885లో ఫ్రాన్స్‌లోని లియోన్‌కి చెందిన డాక్టరు ఫ్రాంట్జ్ గ్లెనార్ అజీర్తి, నీరసం, నరాల బలహీనత అన్నీ పొట్టలో అవయవాలు జారడం వల్లే అన్నాడు. యూరప్, అమెరికాల్లో వేలం వెర్రిగా బెల్టులు, ఆపరేషన్లు. సన్నగా ఉన్న ఆడవాళ్లే ఎక్కువగా బలయ్యారు. ఆపరేషన్ తర్వాత కొత్త నొప్పులు, ఇన్‌ఫెక్షన్లు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయింది. తర్వాత ఎక్స్‌రేలు వచ్చి, ఏ బాధా లేని వాళ్లని నిలబెట్టి తీసి చూస్తే, వాళ్ల జీర్ణాశయాలు కూడా కిందికే వేలాడుతున్నాయి. నిలబడితే మూత్రపిండం కొంత దిగడం చాలామందికి మామూలే. ఇవాళ నిజంగా నొప్పి పెట్టి, నిలబడినప్పుడు మూత్రం దారి మడతపడుతోందని పరీక్షల్లో తేలిన ఏ కొద్దిమందికో తప్ప ఆ ఆపరేషన్ చేయరు. మీకు అల్ట్రాసౌండ్ రిపోర్టులో ఏదో "కిందికి ఉంది" అని రాస్తే, మీకు బాధ ఉందా లేదా అన్నది ముందు చూసుకోండి.

ఒక ప్రశ్న వచ్చింది, చీటీ పంపించారు: "మా అత్తగారికి డెబ్భై ఏళ్లు. రెండు రెప్పలూ వాలాయి. ఆపరేషన్ చేయించాలా?"

అమ్మా, ముందు మీ ఇంట్లో ఉన్న పాత ఫొటోలు తీయండి. పెళ్లి ఫొటోలు, మనవడి అన్నప్రాసన ఫొటోలు, ఆధార్ కార్డు, ఏదైనా సరే. పదేళ్ల కిందటి ఫొటోలోనే కొంచెం వాలి ఉంటే అది వయసు దారిలో నడుస్తోంది. ఆరు నెలల కిందటి ఫొటోలో లేనిది ఇప్పుడుంటే కారణం వెతకాలి. సాయంత్రానికి పెరుగుతోందా, రెండుగా కనపడుతోందా, మింగడంలో ఇబ్బందుందా అని ఆవిడనే అడగండి, కోడలిగా మీరు అడిగితే చెబుతారు. ఇవేవీ లేకపోతే, టీవీ చూడటానికి గడ్డం ఎత్తాల్సి వస్తోందా, మెట్లు దిగేటప్పుడో పుస్తకం చదివేటప్పుడో రెప్ప అడ్డొస్తోందా చూడండి. అడ్డొస్తే, ఆ చోట మాత్రం మత్తిచ్చి పొరను బిగించే చిన్న ఆపరేషన్ ఉంది, కంటి ఆసుపత్రిలో చేస్తారు. దానికి ముందు కళ్లు పొడిబారుతున్నాయేమో పరీక్ష చేయించండి. రెప్ప మరీ ఎత్తితే నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోదు. ఏ ఇబ్బందీ లేదని ఆవిడే అంటే వదిలేయండి. ఫొటోలు మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, సెల్‌ఫోన్‌లో ఉన్నా సరే.